సుంకమ్మ ఆదోని నుంచి వచ్చేలోగా

మా వీధిలో ఇప్పుడు ఇద్దరు దగ్గుతున్నారు. ఇద్దరూ మగ్గం మీద కూర్చునేవాళ్ళే. పలకరిస్తే "నూలు దుమ్ములే ఈరన్నా, ఏం కాదు" అంటున్నారు. ముందటేడు నేనూ అచ్చం ఆ మాటే అన్నాను. అందుకే ఇది రాయడానికి కూర్చున్నాను. నేను చదివింది ఐదో తరగతి వరకే, తప్పులుంటే దిద్దుకొని చదవండి.

మాది ఎమ్మిగనూరు. తాతనాటి నుంచి మగ్గమే మాకు ఆధారం. ఇంట్లో ఉండేది ముగ్గురం, నేను, మా అమ్మ, నా భార్య సుంకమ్మ. సుంకమ్మ మా అక్క కూతురే కాబట్టి నన్ను మామా అనీ, మా అమ్మను అవ్వా అనీ పిలుస్తుంది. మాకు పిల్లలు అప్పటికింకా లేరు.

మా అమ్మ గురించి ఒక్క మాట ముందే చెప్పాలి. ఆమె తిట్టకుండా ఒక్క పూట గడిచేది కాదు. స్నానానికి ఆలస్యమైతే తిట్టేది, తొందరగా ముగిస్తే ఒళ్ళు తోముకోలేదని తిట్టేది. కోపం ఉండి కాదు, ఆమె మాట్లాడే పద్ధతే అది. ముప్పై ఏళ్ళు వచ్చినా నాకు ఆ తిట్లు వినకపోతే పొద్దు తెల్లారినట్టు ఉండేది కాదు.

జయ నామ సంవత్సరం దసరాకు నాకు దగ్గు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది, తెల్లారేసరికి చొక్కా తడిసిపోయేది. కార్తీకంలో ఒక రోజు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తూ దగ్గితే, పంచె మీద ఎర్రగా ఒక చుక్క కనపడింది. దాన్ని కాలితో తుడిచి ఇంకో మూర నేశాను. నా తెలివి అంత గొప్పది! సుంకమ్మ పంచె ఉతికేటప్పుడు చూసింది. మరుసటి రోజు పొద్దున బస్సుకే నన్ను ఆదోని తీసుకుపోయింది.

ఆ ఆసుపత్రి వరండా ఇప్పటికీ కళ్ళముందే ఉంది. గోడ వారగా ఒక పొడుగాటి బెంచీ. ఊళ్ళో పత్తి మిల్లులు ఆడుతుండటం వల్ల గాలిలో దూది పోగులు తేలి వచ్చి జనం తలల మీద వాలేవి. నేను దగ్గగానే నా పక్కనున్న ఇద్దరు లేచి దూరం పోయారు. సిగ్గుతో తువ్వాలు నోట్లో కుక్కుకున్నాను. పెద్దకడుబూరు నుంచి వచ్చిన ఒక ముసలాయన ఆ ఖాళీలోకి జరిగి, నా పక్కనే కూర్చున్నాడు.

"దగ్గప్పా, దగ్గు. ఈడికొచ్చిందే దగ్గేదానికి కదా. నేనూ దగ్గుతా, సూడు" అని నిజంగానే దగ్గి చూపించాడు. సుంకమ్మకు నవ్వు ఆగలేదు. ఆ రోజు మేము నవ్వింది అదొక్కసారే.

డాక్టరు వీపు మీద వేలితో తట్టి చూశాడు, కఫం పరీక్ష చేయించాడు. క్షయ అన్నాడు. ఇప్పుడు మందు ఉందనీ, సూదులు వేయించుకొని మాత్రలు మింగుతూ ఏడాది కదలకుండా ఉంటే బతుకుతాననీ చెప్పాడు. పళ్ళెం, చెంబు, పడక వేరు పెట్టమన్నాడు. మగ్గం గుంటలోకి దిగొద్దన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాం. ఇంక తిట్లే తిట్లు అనుకున్నాను. అమ్మ ఏమీ అనలేదు. లోపలికి పోయి ఒక సత్తు పళ్ళెం, ఒక సత్తు చెంబు తెచ్చి కడిగి నా వైపు పెట్టింది. నా ఇత్తడి పళ్ళేన్ని పైన అటక మీద పెట్టింది. "తిను నాయనా" అంది. మా అమ్మ నోట నాయనా అనే మాట నేను పుట్టి ఎరగను. చచ్చిపోయేవాడిని ఎవరూ తిట్టరు కదా.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. ఇది రాయడమే దాని కోసం.

మగ్గం మీద ఒక చీర పడుగు సగంలో ఉంది. పెళ్ళివాళ్ళ చీర. సగంలో ఉన్న పడుగును వదిలి లేవడం మా ఇళ్ళలో అరిష్టం. "ఇదొక్కటి దించి పండుకుంటాలే" అన్నాను. అమ్మ కూడా సరే అంది. ఇంకో పక్షం రోజులు నేశాను. నేను అలిసిపోతే సుంకమ్మ గుంటలో కూర్చునేది. ఆమెకు అలుపొస్తే నేను కూర్చునేవాణ్ణి. బయట మాత్రం నా పళ్ళేన్ని అమ్మ బూడిదేసి తోమి, మరిగే నీళ్ళు పోసి, ఎండలో బోర్లించేది. నా చాప మీద కాకిని కూడా వాలనిచ్చేది కాదు. ఎంత జాగ్రత్తగా ఉన్నామో అని మాకు మేమే అనుకునేవాళ్ళం.

చీర దించాక మగ్గం సుంకమ్మది అయింది. నాకు పెరట్లో వేపచెట్టు కింద మంచం వేశారు. మా ఊరి కాంపౌండర్ దావీదు రోజూ పొద్దున్నే వచ్చి సూది వేసేవాడు. ఆ సూదులకు చెవుల్లో గుయ్యిమని మోత, లేచి నిలబడితే ఇల్లంతా తిరిగేది. చుట్టాలు వీధిలోంచే పలకరించి పోయే రోజుల్లో, దావీదు మాత్రం సూది వేశాక మా గడప మీద తీరిగ్గా కూర్చుని "అమ్మా, మజ్జిగుంటే పొయ్యమ్మా" అని అడిగి తాగేవాడు. దాహమై కాదని నాకు తెలుసు. అతని మేలు ఎన్నటికీ మరవను.

పుష్యమాసంలో ఒక మధ్యాహ్నం మంచం మీద పడుకొని మగ్గం చప్పుడు వింటున్నాను. టకటక ఆగింది. కండె అయిపోయి ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో చిన్నగా "సుర్" అని వినిపించింది.

మగ్గం ఎరగనివాళ్ళ కోసం చెబుతాను. నాడె అంటే చేతిలో ఇమిడేంత కొయ్య, రెండు కొసలూ పడవలాగా ఉంటాయి. దాని కడుపులో దారం చుట్టిన కండె, పక్కన సన్నటి కన్ను ఉంటాయి. కొత్త కండె పెట్టినప్పుడల్లా దారం కొసను ఆ కంటిలోంచి బయటికి తీయాలి. వేలు పట్టదు. కన్నును పెదాలకు ఆనించి ఒక్కసారి పీలిస్తే దారం నోట్లోకి వస్తుంది. మా తాత అట్లే చేశాడు, మా నాయన అట్లే చేశాడు. రోజుకు ఎన్ని కండెలు ఆడితే అన్నిసార్లు. అది ముద్దు పెట్టుకున్నట్టు ఉంటుందని కొత్త పెళ్ళిలో సుంకమ్మను ఆటపట్టించేవాణ్ణి కూడా.

ఆ "సుర్" వినగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. పళ్ళెం వేరు, చెంబు వేరు, చాప వేరు. నాడె ఒక్కటే. నేను పీల్చిన కంటినే, ఆ తడి ఆరకముందే, ఆమె పీల్చింది. దసరా నుంచి కార్తీకం దాకా తెలియక, ఆ తర్వాత పక్షం రోజులు తెలిసి తెలిసీ.

"సుంకమ్మా! నాడె నోట్లో పెట్టొద్దు!" అని గావుకేక పెట్టాను. అమ్మ నేను నెత్తురు కక్కుకున్నాననుకొని చెంబుతో పరుగెత్తుకొచ్చింది. విషయం చెబితే ఆమె చేతిలో చెంబు జారి పెరడంతా దొర్లింది. అప్పుడు కూడా ఆమె ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని ఎంత అనిపించిందో చెప్పలేను.

ఆ రోజే పాత గొడుగు కమ్మి ఒకటి విరిచి, నూరుడు బండ మీద సానపట్టి, కొసను చిన్న కొక్కెంలా వంచాను. కంటిలోకి దూర్చి దారాన్ని లాగితే వచ్చేస్తుంది. "ఒక్క పీల్పుతో అయ్యేదానికి ఇంత కత యాల మామా" అని సుంకమ్మ రెండు రోజులు సణిగింది. మూడో రోజుకు చేయి తిరిగింది. ఇప్పుడు నోటికన్నా అదే వేగం. మా వీధిలో దగ్గే ఆ ఇద్దరికీ చెరొకటి చేసి పెట్టాను. ఇంకెవరికి కావాలన్నా చేసిస్తాను, పాత గొడుగు తెచ్చుకుంటే చాలు.

మాఘంలో నా కఫంలో ఇంక క్రిములు లేవన్నారు. నీ వల్ల ఎవరికీ అంటదు, మాత్రలు మాత్రం మానొద్దు అన్నాడు డాక్టరు. నాడె సంగతి చెబితే ఆయన సుంకమ్మ పేరు కాగితం మీద రాసుకున్నాడు. "ఆమెకు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా తీసుకురా" అన్నాడు.

ఉగాది వెళ్ళిన రెండు వారాలకు సుంకమ్మ దగ్గింది.

వైశాఖంలో ఆమెకు కఫం పరీక్షకిచ్చి, ఛాతీ ఫోటో తీయించారు. ఫలితం సోమవారం చెబుతామన్నారు. నేనూ వస్తానన్నాను. ఎండలో బస్సు ప్రయాణం నీకు పనికిరాదని దావీదు ఒప్పుకోలేదు. అమ్మ తోడు పోయింది.

ఆ సోమవారం పొద్దున ఇద్దరూ బయలుదేరారు. అమ్మ గడప దాటింది. సుంకమ్మ వెనక్కి తిరిగి, "వంకాయలు ముదురుతాండాయి మామా. కోసి కూర సెయ్యి. రొట్టెలూ కాల్సు. వచ్చినాక తింటా" అంది.

నేను అమ్మ వైపు చూశాను. కార్తీకం నుంచి నేను పొయ్యి ముట్టలేదు. ముట్టొద్దని అమ్మ ఏ రోజూ నోటితో అనలేదు. నేను అటు లేస్తే చాలు, నాకన్నా ముందు తను లేచి కావలసింది అందించేది. డాక్టరు బాగయిందన్నాక కూడా అంతే. ఇప్పుడూ ఆమె ఏమీ అనలేదు. కొంగు తల మీదికి లాక్కొని బస్సు వైపు నడిచింది.

ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలాను. మగ్గం చప్పుడు లేకపోతే మా ఇల్లు ఎంత పెద్దదో ఆ రోజు తెలిసింది.

కాలు గాలిన పిల్లిలా కాసేపు తిరిగి, పెరట్లోకి పోయాను. ఆ తోట నా రోగమే పెట్టించింది. గాలి, ఎండ తగలాలని డాక్టరు మంచం బయట వేయిస్తే, ఊరికే పడుకోలేక, సంక్రాంతి వెళ్ళాక వంగనారు నాటాను. స్నానాల జాలారి నుంచి నీళ్ళు పోయే కాలువను వాటి వైపు తిప్పాను. ఒక పక్క తోటకూర మడి, గోడ వారగా బీరపాదు. బీరపందిరిని తెగిపోయిన పడుగు నూలుతో కట్టాను. ముడి మాత్రం నేతముడే, ఊడదు.

వంగ ఆకుల కింద పేనుబంక పట్టింది. పొయ్యి బూడిద తెచ్చి ఆకాకూ తిప్పి చల్లాను. కలుపు తీశాను. మొదట్లో పది మొక్కల దగ్గర వంగి లేస్తే ఆయాసంతో కళ్ళు తిరిగేవి. ఆ రోజు రెండు సాళ్ళూ తీసి లేచి నిలబడితే ఊపిరి మామూలుగానే ఉంది. సంతోషమేసింది. వెంటనే భయమూ వేసింది. నా ఊపిరి నాకు తిరిగి వచ్చింది, మరి ఆమెది? అమ్మవారి పేరు తలుచుకొని, ఎవరికో ఒకరికి ఇవ్వాల్సి వస్తే నాది తీసుకో తల్లీ అన్నాను. అని మళ్ళీ, ఇద్దరినీ వదిలిపెట్టు, అమ్మను చూసుకోవాలి కదా అని బేరమాడాను.

లేత వంకాయలు పదకొండు కోశాను. ఈపాటికి బస్సు ఆదోని చేరి ఉంటుంది. అదే బెంచీ మీద కూర్చుని ఉంటారు. ఈసారి సుంకమ్మ దగ్గితే ఎవరు లేచిపోతారో, ఎవరు దగ్గరికి జరుగుతారో.

వంటకు ముందు తలస్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకున్నాను. ఎవరూ చూడటం లేదు. అయినా చేతులు మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాను. పొయ్యి ముందు కూర్చుంటే పరాయి ఇంట్లో దొంగతనానికి వచ్చినట్టుంది.

బుడ్డలు, అంటే వేరుశనగ గింజలు, వేయించి, పొట్టు చెరిగి, ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, నువ్వులు వేసి రోట్లో దంచాను. వంకాయలను నాలుగు పక్షాలుగా చీల్చి ఆ పొడి కూరాను. నూనెలో వేసి మూతపెట్టాను. కూర బాగానే కుదిరింది. పొగకు దగ్గు వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూశాను, రాలేదు.

నా పరువు తీసింది జొన్నరొట్టె. ముప్పై ఏళ్ళు తిన్నాను కాబట్టి చేయడం కూడా వచ్చనుకున్నాను. పిండిలో చన్నీళ్ళు పోసి కలిపాను. తట్టితే అంచులు నెర్రెలు విచ్చాయి, ఎత్తితే మూడు ముక్కలైంది. రెండోదీ అంతే. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ ఎసరు కాగాక పిండిలో పోసేది. మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి విరగలేదు కానీ, పలుచగా తడితే విరుగుతుందన్న భయంతో మందంగా తట్టాను. పెనం మీద వేసి, తడిగుడ్డతో తుడిచి, తిప్పి, నిప్పుల మీద నిలబెట్టి కాల్చాను. వేలు ఒకటి కాలింది. మొత్తం తొమ్మిది రొట్టెలు అయ్యాయి. ఒక్కటీ గుండ్రంగా లేదు. విరిగిన ముక్కలు ఎర్రగడ్డతో నేనే తిన్నాను, నా సత్తు పళ్ళెంలో.

మధ్యాహ్నం బస్సుకు రాలేదు. మంచం మీద పడుకుంటే నిద్ర పట్టలేదు. మగ్గం గుంట దగ్గరికి పోయి కూర్చున్నాను. నాడె పడుగు మీద ఉంది, పక్కన గొడుగు కమ్మి. ఆ నాడెను చేతిలోకి తీసుకొని చూశాను. మా నాయన చేతి నుంచి వచ్చింది. కన్ను చుట్టూ కొయ్య పెదాలు తగిలి తగిలి నున్నగా అరిగింది. ఇంత చిన్న చోటు గుండా నేను నా భార్యకు చావును ఇచ్చానా అనిపించి, ఒంటరిగా ఉన్నాను కదా, గట్టిగానే ఏడ్చాను. రోగమొచ్చిన ఇంట్లో మగవాడు ఏడవకూడదంటారు. ఏడిస్తే కొంచెం తేలికగా ఉంటుంది, నేను చూశాను కాబట్టి చెబుతున్నాను.

నాలుగింటి బస్సు వచ్చిన చప్పుడు వినపడింది. అందులోనూ రాలేదు. బాగుంటే ఇంతసేపు ఎందుకు అవుతుంది? పడక ఇచ్చి ఉంటారు, ఉంచుకొని ఉంటారు. కూర చల్లారింది. మళ్ళీ వెచ్చబెట్టాను. తోటకూరకు నీళ్ళు పోశాను, అప్పటికే పోశానని పోస్తుండగా గుర్తొచ్చింది.

పొద్దు వాలుతుండగా వీధి మలుపులో ఇద్దరూ కనిపించారు. అమ్మ ముందు, పదడుగుల వెనక సుంకమ్మ. ఎండకు ఇద్దరి ముఖాలూ వాడిపోయి ఉన్నాయి, చూస్తే ఏమీ తెలియలేదు. అమ్మ నన్ను దాటి లోపలికి పోయింది. జాలారిలో కాళ్ళు కడుక్కున్న చప్పుడు, పొయ్యి దగ్గర గంపమూత తీసిన చప్పుడు వినిపించాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. గడప దగ్గర గోడ పట్టుకొని నిలబడ్డాను.

"థూ! ఏం రొట్టెలురా ఇవి! రొట్టెలా, బండలా? మీ నాయన ఇల్లు కట్టినప్పుడు గూడా ఇంత మందం బండ పరచలేదు కదరా! పొయ్యి సుట్టూ పిండి, ఉప్పు కుండకు మూత లేదు. ముప్పై ఏండ్లు గాడిదలాగ తిన్యావే, ఒక్కనాడన్నా అమ్మ సెయ్యి యాడ తిరుగుతాందో సూడలేదారా, ఓరి మొద్దోడా!"

ఆరు నెలల తర్వాత మా అమ్మ నన్ను తిట్టింది.

నాకు విషయం తెలిసిపోయింది. గడప మీద కూర్చున్నాను. సుంకమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమీ లేదంట మామా. కఫంలో లేదు, ఫోటోలో గూడా లేదు. ఉత్త దగ్గేనంట. ఒంట్లో రగతం లేదు, బాగా తినాలని సెప్పినాడు."

"మరి ఇంతసేపు?"

"డాక్టరు సామి యాడికో పోయిండె. నాలుగు దాకా రాలేదు. అవ్వ ఆ బెంచీ మీద కూసోని ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. బాగుందన్నాక బస్సెక్కినప్పటి నుంచి తిడతానే ఉంది. కండక్టరును, డ్రైవరును, ఎండను, అందరినీ."

లోపల నుంచి అమ్మ: "పాలు, పెరుగు అన్నీ మొగునికే పోసి, తాను గంజి తాగి బతికిందంట! డాక్టరు ముందర నా తల తీసేసినట్టయింది. నువ్వు గూడా లేసి రావే, బాగా తినమన్న్యాడు కదా. ఈ రొట్టె తింటే లేని రోగమొస్తుందేమో, అయినా తిను!"

ఆమె ముక్కాలి పీట వేసుకొని అటక మీద చేయి పెట్టింది. నా ఇత్తడి పళ్ళెం దించింది. దుమ్ముకు తిడుతూ, చిలుముకు తిడుతూ చింతపండుతో తోమింది. తోముతున్నంతసేపూ ముఖం గోడ వైపే పెట్టుకుంది. మూడు పళ్ళేలు ఒకే వరసలో పెట్టి, మూడింటిలో రొట్టెలు వేసి, వంకాయ కూర వడ్డించింది. నా సత్తు పళ్ళేన్ని కాలితో వాకిట్లోకి తోసి, "కోళ్ళకు నీళ్ళకు పనికొస్తాది" అంది.

కూర్చున్నాం. అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకొని నమిలింది, చాలాసేపే నమిలింది. "కూర పరవాలేదు" అని రొట్టె మీదికి ఇంకో వంకాయ వేసుకుంది.

నేను రొట్టె ఒకసారి కొరికి కింద పెట్టాను. పళ్ళెం వైపు చూస్తూ కూర్చున్నాను. ఇంతలో పక్క నుంచి సుంకమ్మ చేయి చాపి, నేను కొరికి పెట్టిన రొట్టెలోంచి ఒక ముక్క తుంచుకుంది.

"నీ పళ్ళెంలో లేదా ఏమే?" అని అమ్మ గద్దించింది.

"ఇది మెత్తగుందవ్వా" అని సుంకమ్మ ఇంకో ముక్క తుంచుకుంది.